తునికాకు బొమ్మ మీద నా సంతకం

పదహారేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువు తగ్గలేదు. నాకు కప్పిన ప్రతి శాలువాతోనూ పెరిగింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నిజామాబాద్‌లో డ్రాయింగ్ టీచరు పరీక్షలకు శిక్షణ ఇస్తాను. తునికాకు ముక్కలతో బీడీ కార్మికుల బొమ్మలు చేస్తానని పేరు. మొన్న సభలో ఒక పెద్దమనిషి నన్ను కష్టజీవుల చిత్రకారుడన్నాడు. చేతులు జోడించాను. సిగ్గులేని చేతులు! అదే వారం, పక్కవాళ్ల బొమ్మ చూసి వేసిందని ఒక విద్యార్థిని కాగితం చింపేశాను. దొంగతనమని అరిచాను. నేనా అరవాల్సింది?

నాకు పేరు తెచ్చిన మొదటి బొమ్మ నా విద్యార్థిని రాజమణిది. బోధన్ నుంచి బస్సులో వచ్చేది. తల్లి బీడీలు చుట్టి చదివించేది. తను టీచరై అమ్మ ఒళ్లోని బీడీల చేట దించాలని ఆమె ఆశ. ఒకరోజు, బీడీలకు ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కలను అట్ట మీద అంటించి, ఆ తల్లినే బొమ్మ చేసి తెచ్చింది. చూడగానే నాకు కడుపు మండింది. ఇరవై ఏళ్లు రంగులు పూసినా నాకు రానిది ఈ పిల్లకెలా వచ్చింది? పరీక్షకు పనికిరాదు, అక్కడ పడేసి పొమ్మన్నాను. ఆమె వెళ్లాక కింద నా సంతకం పెట్టి హైదరాబాద్ పోటీకి పంపాను. బహుమతి వచ్చింది. సొమ్మొకడిది, సోకొకడిది.

పేపర్లో ఆ బొమ్మ ఫోటో చూసి రాజమణి వచ్చింది. గొంతు పెంచలేదు.

"సార్, మా కార్ఖానల గూడ గిట్లనే జేస్తరు. మా అవ్వ సుట్టిన బీడీలు మంచిగ లేవని పక్కకు దీస్తరు. పైసలియ్యరు. బీడీలు వాపస్ గూడ ఇయ్యరు. వాళ్లే అమ్ముకుంటరు."

ఆమె పరీక్ష ఫారం మీద సంతకం చేయాల్సింది నేనే. అది ఇద్దరికీ తెలుసు.

"నీకు పరీక్ష రాయాల్నని ఉన్నదా, లేదా?" అన్నాను.

మళ్లీ క్లాసుకు రాలేదు. పరీక్ష రాయలేదు. నేను లేకపోతే ఆ బొమ్మ ఏ పొయ్యిలోకో పోయేదని, ఆమెకే పట్టుదల లేదని, ఆకు ముక్కలు ఎవరి సొత్తూ కాదని నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో. ఒక్కటీ నిలవలేదు. భయమా? కాదు. అసూయ. ఉత్త అసూయ.

పోయినేడు కొత్త బొమ్మ కోసం ఫోటోలు తీసుకోవడానికి బోధన్ వెళ్లాను. ఒక గడపలో చేట ఒళ్లో పెట్టుకొని రాజమణి కూర్చుంది. నన్ను గుర్తుపట్టింది. ముఖం పక్కకు తిప్పుకుని ఆకు కత్తిరిస్తూనే ఉంది. నేనేం చేశానో తెలుసా? వెనక నుంచి ఫోటో తీసుకుని వచ్చాను. దాన్ని కూడా బొమ్మ చేశాను. అమ్ముడుపోయింది.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు. ఆమెను అడిగే ముఖం నాకు లేదు.

ఆ మొదటి బొమ్మ రాజమణి చేసింది. నేను చేయలేదు.

ఇది రాయగానే గుండె తేలికైంది. తేలికైనందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.