బోర్డు మీద లేని పేరు

మా ఆయనకి సన్మానం చేస్తామని ఊళ్ళో సంఘం వాళ్ళు ఇంటికొచ్చిన రోజు నేను ఆవకాయకి ముక్కలు తుడుస్తున్నాను. గుడ్డ అలాగే పట్టుకుని వాకిట్లోకొచ్చి, ఎవరికండీ అని అడిగాను. సరిగా వినబడక కాదు, నమ్మబుద్ధి కాక.

ఆయన బోర్డులు రాసే మనిషి. ముసునూరు నుంచి నూజివీడు దాకా ట్రాక్టర్ల వెనక, బడి గోడల మీద, రామాలయం లోపల, చలివేంద్రాల ముందు ఎక్కడ ఏ అక్షరం, ఏ బొమ్మ కనబడినా సగం ఆయన చేతివే. ఆయన గీత గీస్తే లోపల రంగు నేను నింపేదాన్ని. గీత ఆయనది, రంగు నాది, మా కాపురమంతా ఇదే ఒప్పందం. వేసవి సెలవుల్లో ఊరి పిల్లల్ని మా వాకిట్లో కూర్చోబెట్టి బొమ్మలు నేర్పేవారు. ఫీజు లేదు సరికదా, ఎదురు మజ్జిగ మేమే పోసేవాళ్ళం. అలాగని మరీ దేవుడేం కాదులెండి. బడి గోడ మీద జిల్లా పటం వేసి, మా ఊరిని బెజవాడంత చేశారు. హెడ్మాస్టారు అడిగితే, పిల్లలకి కనపడొద్దా అన్నారట. గుడిలో ఆంజనేయస్వామికి విరాళం ఇచ్చిన ఆసామి మొహం పెట్టారు. ఆ ఆసామి రోజూ పొద్దున్నే వచ్చి తనకి తనే దణ్ణం పెట్టుకుని పోయేవాడు.

ఒక్కటి మాత్రం నా కడుపులో ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్ని సభలకి బోర్డులు రాశారో, ఏ సభలోనూ ఆయన కూర్చోలేదు. తడి ఆరకముందే డబ్బాలు సర్దుకుని ఇంటికొచ్చేసేవారు. శాలువాలు కప్పించుకున్న వాళ్ళందరి పేర్లూ ఈయన రాసినవే. ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుంటే, వెనకాల బోర్డు మీద ఆయన పేరుంటే, నేను కింద కూర్చుని కళ్ళారా చూడాలని ఉండేది. ఎవరితోనూ అనలేదు. అంటే ముందు నవ్వేది ఆయనే.

సంఘం ప్రెసిడెంటు గారు మామిడితోటలున్న పెద్ద రైతు. మనసు మంచిదే, నోటికే అడ్డూ అదుపూ ఉండదు. ఆర్టిస్టుకి సన్మానం చేస్తూ వెనక ఫ్లెక్సీ కడితే మన పరువేం కాను, చేతిరాత బోర్డే ఉండాలి అని పట్టుబట్టారు. అంతా బాగానే ఉంది. చేత్తో రాసేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరున్నారు? వచ్చినవాళ్ళందరూ మెల్లిగా ఈయన వైపు తిరిగారు. ఈయన ఒక్క మాట బెట్టు చేయకుండా సరేనన్నారు. వాళ్ళు గేటు దాటగానే నేను అందుకున్నాను. పెళ్ళికొడుకుని పిలిచి పందిరి వేయమన్నట్టుంది, మీకు సిగ్గైనా లేదా అన్నాను. పని పనే కదా అని కుంచెలు కడుక్కోవడానికి దొడ్లోకి పోయారు.

సభ రోజు పొద్దున్నే హాలుకెళ్ళి చెక్క బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. పైన పెద్దక్షరాలతో ముఖ్య అతిథి పేరు, దాని కింద సన్మాన సభ, నడుమ తన పేరుకి సుద్దముక్కతో గీతలు. అప్పుడు మొదలయ్యాయి ప్రెసిడెంటు గారి ఫోన్లు. శాలువా ఇచ్చినాయన్ని మర్చిపోయామండీ అని ఒకటి. భోజనాలు పెట్టించేవాళ్ళు అలుగుతారని ఇంకొకటి. మైకు సెట్టాయన, కుర్చీలాయన, జ్యూసుకి చిన్నరసాలు పంపినాయన, అందరూ వచ్చి బోర్డెక్కారు. ఫోను మోగినప్పుడల్లా ఈయన తన చోటులోంచే కొంచెం కొంచెం కోసి ఇచ్చారు.

సాయంత్రం పట్టుచీర కట్టుకుని వెళ్ళి ఆ బోర్డు చూశాను. పై నుంచి కిందికి చదివాను. మళ్ళీ చదివాను. ఊళ్ళో అందరూ ఉన్నారు, సన్మానం ఎవరికో మాత్రం లేదు.

"మీ పేరేదండీ?" అన్నాను.

"చోటు చాల్లేదే. అయినా నేను దాని ముందే కూర్చుంటాను గదా, మళ్ళీ పైనెందుకు?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికే జనం వచ్చేస్తున్నారు. పోయి ముందు వరసలో కూర్చున్నాను.

ముఖ్య అతిథి రాలేదు. జి. కొండూరు వైపు గాలిదుమారం లేచి తోటలో కాయంతా రాలిపోయిందని, ఆయన అటు పరిగెత్తారని ఫోనొచ్చింది. అందులో తప్పులేదు, కాయ రాలితే మావాళ్ళు ముఖ్యమంత్రి పిలిచినా రారు. ఇక తప్పదని సభ మొదలుపెట్టి, మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని, రాని అతిథి గొప్పతనం గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నేను బోర్డు వంక చూశాను. రానాయన పేరు నీడలు దిద్దుకుని అందరికన్నా పైన మెరుస్తోంది. వచ్చినాయన దాని కింద అనామకుడిలా చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఇంక నా వల్ల కాలేదు. లేచి స్టేజీ ఎక్కాను. వెనక మూలన ఆయన డబ్బాల సంచీ ఉంది. టర్పెంటైన్‌లో గుడ్డ ముంచి, బెంచీ ఎక్కి, ముఖ్య అతిథిని తుడవడం మొదలుపెట్టాను. రంగు ఇంకా పచ్చిగానే ఉంది, బాగానే వచ్చింది. ప్రెసిడెంటు గారు మైకులోనే, అమ్మా అమ్మా, ఆయనకి ఫొటోలు పంపాలమ్మా అని మొత్తుకున్నారు.

"ఆయనొచ్చిన రోజు ఆయన పేరు రాద్దామండీ. ఇవాళ వచ్చినాయన పేరు రాస్తాను," అన్నాను.

అన్నానే గానీ, మా తరం ఆడవాళ్ళం మొగుడి పేరు నోటితో ఎత్తం. రేషను కొట్లో అడిగినా పక్కావిడ చేత చెప్పిస్తాను. కింద ఆడవాళ్ళు అప్పుడే కిసుక్కుమన్నారు. నోటితో అనకూడదన్నారు గానీ కుంచెతో రాయకూడదని నాకెవరూ చెప్పలేదు. రాశాను.

రాయడమంటే మాటలా? జన్మలో నేను గీత గీసి ఎరగను. మొదటి అక్షరమే ఏనుగంత వచ్చి, తుడిచిన చోటులో సగం తినేసింది. మిగిలినవి సీటు దొరకని బస్సు ప్రయాణికుల్లా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివరిది సన్మాన సభని కూడా దాటి కిందికి జారి, శాలువా ఇచ్చినాయన నెత్తిన కూర్చుంది. హాలంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. కుర్చీలోంచి లేచారు. అక్షరం వంకరగా కనబడితే విస్తరి ముందు నుంచైనా లేచి దిద్దే మనిషి. అయిపోయింది, ఇప్పుడు బెంచీ ఎక్కుతారు, జనానికి వీపు చూపిస్తూ సన్మానం చేయించుకుంటారు, నా సరదా ఇంతటితో సరి అనుకున్నాను. కుంచె ఇవ్వకుండా వెనక్కి దాచుకున్నాను.

ఆయన బోర్డుని చాలాసేపు చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఉండనీ. బాగుంది," అన్నారు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

ఇన్నేళ్ళూ రంగులు నింపాను, ఒక్కసారి బాగుందన్న పాపాన పోలేదు ఆ మనిషి. గబగబా బెంచీ దిగి, కిందికొచ్చి, నా కుర్చీలో కూర్చున్నాను, ఎన్నాళ్ళనుంచో అనుకున్నది చూద్దామని. తీరా చూడబోతే కళ్ళనిండా నీళ్ళు, నాకేమీ కనబడలేదు.