బాపు రెండుసార్లు దించిన టాంకీ

మా చిన్నప్పుడు మోటారు చప్పుడు వినిపిస్తే పిల్లలం బండికి ఎదురు పరుగెత్తేవాళ్ళం కాదు... జొన్న చేలోకి పరుగెత్తేవాళ్ళం. తిరుమలగిరి చుట్టుపక్కల పల్లెల్లో అప్పట్లో మోటారంటే తుపాకులే. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ళ కోసం ఆ తుపాకులోళ్ళు ఇల్లిల్లూ వెతికేవాళ్ళు, వాళ్ళు దొరక్కపోతే దొరికినవాళ్ళను కొట్టేవాళ్ళు.

మాకు మాత్రం పరుగెత్తే యోగం కూడా లేదు. ఆ మోటారు ఆగేదే మా ఇంటి ముందు... దొరగారి పాత వ్యానును మరమ్మతు చేసేది మా బాపే. దొర పట్నం పారిపోయాడు గానీ, తన వ్యానునూ తుపాకులోళ్ళనూ మా నెత్తిన పెట్టి పోయాడు.

పోలీస్ యాక్షన్‌కు కొన్ని వారాల ముందు సంగతి ఇది. నాకు తొమ్మిదేళ్ళు. ఒకరోజు పొద్దున్నే వ్యాను వచ్చి ఆగింది. కింద పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది. వాళ్ళ పెద్దను అందరూ జమేదారు అనేవాళ్ళు. దిగుతూనే ఎక్కడికి పోవాలో చెప్పాడు... అది మా అమ్మ పుట్టింటి ఊరు. అమ్మ అప్పుడు కాన్పుకు అక్కడే ఉంది, నెలలు నిండి.

"పొద్దు గూకకముందే ఆ ఊరు చేరాలె. ఒక్క ఇల్లు మిగలొద్దు. జల్దీ చెయ్!"

బాపు ముఖం తెల్లబోయింది. "టాంకీ దించాలె సాబ్. దించి మాటు వెడితెనే కారుడు ఆగుతది," అన్నాడు.

వ్యాను కింద వెల్లకిలా దూరాడు. పెట్రోలు డబ్బాలోకి వదిలాడు, గొట్టం ఊడదీశాడు, టాంకీని పట్టుకున్న రెండు ఇనప పట్టీల మరలు విప్పి, దాన్ని రొమ్ము మీదికి దించుకుని బయటికి లాగాడు. తర్వాత వేడినీళ్ళు పోసి కడగడం మొదలుపెట్టాడు. లోపల పెట్రోలు ఆవిరి మిగిలితే, చిల్లి మీద తగరం కరిగించి మాటు పెట్టేటప్పుడు నిప్పు తగిలి టాంకీ పేలుతుంది, మనిషి ముక్కలవుతాడు. ఆ సంగతి జమేదారుకు ఎవరు చెప్పాలి? కావాలనే సాగదీస్తున్నాడనుకుని తుపాకీ మడమతో మూతి మీద గుద్దాడు. రెండు పళ్ళు నీళ్ళ బిందెలో పడ్డాయి.

బాపు రక్తం ఉమ్మేసి... మళ్ళీ కడిగాడు.

వాళ్ళు మా కోళ్ళను కోయించుకుని తింటున్న వేళ, బాపు తన భుజం మీది తువ్వాలు అంచు చింపి, ఉండ చుట్టి టాంకీలోకి వదిలాడు. నేను చూశాను. "నువ్వేం సూడలే బిడ్డా," అన్నాడు మెల్లగా. ఎందుకలా చేశాడో నాకు తర్వాత తెలిసింది. ఇంజను పెట్రోలు లాగినప్పుడు గుడ్డ పోయి గొట్టానికి అడ్డం పడుతుంది, బండి ఆగుతుంది. ఆగాక గుడ్డ తేలిపోతుంది, బండి మళ్ళీ అందుకుంటుంది... దోషం ఎక్కడుందో ఎవడికీ అంతుపట్టదు. వాళ్ళు అటు కదలగానే నన్ను చంకనేసుకుని చేలో పడి పారిపోవాలని బాపు ఆలోచన.

కానీ మా బాపుకు ఒక జబ్బు ఉంది... పని చెడగొట్టడం చేతకాదు. ఆపాలనుకున్న బండికి కూడా మాటు నున్నగా, చుక్క కారకుండా పెట్టాడు! టాంకీ ఎత్తి పట్టీలు బిగించాక జమేదారు కింద చెయ్యి పెట్టి తడిమి చూసి మురిసిపోయాడు.

"శభాష్! గింత మంచి పనోన్ని ఇడిసిపెడ్తమా? నడువ్, నువ్వు గూడ ఎక్కు."

బాపు ఎక్కుతుంటే చూశాను... భుజం మీది తువ్వాలుకు చిరిగిన అంచు, దారాలు వేలాడుతూ. అరిచి చెబితే వాళ్ళందరూ వింటారు, చెప్పకపోతే బాపుకు తెలియదు. నోరు మూసుకున్నాను. అందుకు ఈ వయసులో కూడా నన్ను నేను తిట్టుకుంటూనే ఉంటాను.

ఇక్కడి నుంచి నేను చూసింది కాదు, బాపును మోసుకొచ్చిన గొర్ల కాపరి మల్లయ్య చెప్పింది.

వ్యాను మైలు పోయి ఆగిందట. అందుకుందట. మళ్ళీ ఆగిందట. ఆగినప్పుడల్లా బాపు వీపు మీద బెల్టు దెబ్బలు. గుట్ట మీంచి ఇదంతా చూసిన మల్లయ్య, ఆ దారి పోయేది అమ్మ వాళ్ళ ఊరికేనని తెలిసి, గొర్లను గాలికొదిలి అడ్డదారిన ఆ ఊళ్ళోకి ఉరికాడు. ఊరంతా గుట్టలెక్కింది. నొప్పులు పడుతున్న అమ్మను మంచంతో సహా మోసుకుపోయారు. మా తాత మాత్రం కదలలేదు. "నేను పుట్టిన జాగ గిది. యాడికి రాను, మీరు పోండ్రి," అన్నాడట.

మల్లయ్య తిరిగి వచ్చి రాళ్ళ చాటు నుంచి చూసేసరికి, రోడ్డు మీద బాపు నెత్తికి తుపాకీ ఆనించి, జమేదారు టాంకీని రెండోసారి దింపిస్తున్నాడట. బోర్లించి కుదిపితే గుడ్డ పడింది. దాన్ని చేతిలోకి తీసుకుని బాపు భుజం వైపు చూశాడు. అంతే... బాపు కుడిచేతిని బండి మెట్టు మీద ఆనించి, బాపు పానాతోనే ఒక్కో వేలూ చితకగొట్టారు. స్పృహ తప్పితే చచ్చాడనుకుని పక్కకు ఈడ్చేసి, నడుచుకుంటూ ఊరి మీదికి పోయారు. ఖాళీ ఇళ్ళను తగలబెట్టారు. తాతను గడపలోనే కాల్చేశారు.

ఆ మంటలు గుట్ట మీదికి కనిపిస్తుండగానే మా తమ్ముడు పుట్టాడు.

బాపు మళ్ళీ పానా పట్టలేదు. అన్నం కూడా ఎడమచేత్తోనే. పెళ్ళి పంక్తుల్లో తెలియనివాళ్ళు మూతి విరిచేవాళ్ళు... దాంతో బాపు పంక్తిలో కూర్చోవడమే మానేశాడు. తమ్ముడికి ఊహ తెలిశాక వాడే చెయ్యి పట్టుకుని పంక్తిలోకి లాక్కొచ్చేవాడు, కలిపి ముద్దలు పెట్టేవాడు. ఎవరైనా కిసుక్కుమంటే, "నగితె నగనియ్యి, నువ్వు నోరు తెరువు బాపు," అనేవాడు. బాపు పోయే రోజు దాకా వాడి చేతి ముద్దే.

ఇప్పుడు ఆ దారిన అరగంటకో బస్సు పోతోంది. షెడ్లలో పిల్లలు పాటలు వింటూ టాంకీలు దించుతున్నారు, ఎవరి నెత్తినా తుపాకీ లేదు. చూస్తే కడుపు నిండుతుంది...

మీ ఇళ్ళల్లోనూ ఎడమచేత్తో తినే పెద్దవాళ్ళో, కాలు ఈడ్చి నడిచేవాళ్ళో ఉండే ఉంటారు. ఎందుకో ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉంటే కింద రాయండి, చదువుతాను. మా తమ్ముడు పోయిన నెలే పోయాడు... బాపు చెయ్యి ఎందుకు పోయిందో చెప్పడానికి ఇక నేనొక్కదాన్నే మిగిలాను.