అతిశయోక్తి తెలియని అక్క

చిక్కడపల్లి సందులో పిండిమర చప్పుడు వినబడితే ఇప్పటికీ కాళ్ళు ఆగిపోతాయి. వేడి గోధుమపిండి వాసన ముక్కుకు తగులుతుంది, మీసాల మీద ఇంత పిండి వాలి వయసు ఇంకో పదేళ్ళు పెంచుతుంది. ఆ సందు ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా రెండు స్కూటర్లు వస్తే పెద్దమనుషుల్ని పిలిచి రాజీ కుదర్చాలి. అంత ఇరుకులో, దారికి అడ్డంగా, కళ్ళు మూసుకుని మా అక్క వసుంధర నిలబడేది. కుక్కర్ కూతకే చెవులు మూసుకుని గదిలోకి పరుగెత్తే మనిషికి, మూడు వీధులు అదిరిపోయే ఆ మర మాత్రం జోలపాట. వెనక హారన్లు మోగేవి. నేను రమ్మని బతిమాలేవాణ్ణి. మర ఆడించే యాదగిరి తల ఎత్తకుండానే, "నిలబడనియ్యి సార్. అక్కకు మంచిగనే ఉంది. మీరే ఊకె పరేషాన్ అయితున్నరు," అనేవాడు.

2009లో ఏలూరులో అమ్మ పోయాక అక్క అశోక్‌నగర్‌లో మా అద్దె వాటాకు వచ్చింది. అప్పటికి ఆమెకు యాభై దగ్గరపడుతున్నాయి. ఆమెకున్నది ఆటిజం అని బషీర్‌బాగ్‌లో ఒక డాక్టరుగారు చెప్పేదాకా మాకు ఆ మాటే తెలియదు. మొండిదనీ పిచ్చిదనీ మా బంధువులు అప్పటికే సహస్రనామం పూర్తి చేసి ఉన్నారు. డాక్టరుగారి గది బయట మా ఆవిడ శారద చేతిలోని చీటీ రెండుసార్లు చదివింది. చివరికి, "ఇన్నేళ్ళూ వదినకు ఎంత కష్టమయ్యుంటుందో," అంది.

నేను వారపత్రికలకు హాస్యం రాసుకుని బతికేవాణ్ణి. ఒకటి జరిగితే పది చేసి చెప్పడం నా వృత్తి, రోగం కూడా. ఒకరోజు భోజనాల దగ్గర, "ఇవాళ నారాయణగూడ చౌరస్తాలో లక్షమంది జనం. నన్ను గాల్లోకెత్తి రోడ్డుకు ఇవతల పడేశారు," అన్నాను.

అక్క అన్నం కలపడం ఆపింది. "లక్షమందా?"

"అంటే, చాలామంది."

"గాల్లోకి ఎత్తారా?"

"లేదక్కా. తోసుకున్నారు."

"ఎవరు?"

"ఒకాయన. ఆయన గొడుగు తగిలింది."

"సరే," అని మళ్ళీ కలుపుకుంది. శారదకు నవ్వుతో పొలమారింది. "పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఈయన నోట నిజం విన్నాను. ముందే ఎందుకు రాలేదు వదినా నువ్వు?"

"అమ్మ ఉంది కదా," అంది అక్క.

నన్ను నవ్వించమని అడగని మనిషి నా జీవితంలో ఆమె ఒక్కతే. ఊళ్ళో అందరి ముందూ గెంతులేసి ఇంటికొస్తే, అక్క పక్కన కాసేపు ఊరికే కూర్చోవచ్చు. ఆ ఊరికే కూర్చోవడం ఎంత విశ్రాంతో ఆమె రాకముందు నాకు తెలియదు.

శారద ఒకసారి రాజమండ్రి పెళ్ళికి వెళుతూ, "మంగళవారం మధ్యాహ్నానికి వచ్చేస్తా వదినా," అంది. మంగళవారం బస్సు దారిలో చెడిపోయింది. అక్క మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడింది, చీకటి పడేదాకా కదల్లేదు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మా పై అంతస్తంతా ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల హాస్టలు. వాళ్ళలో ఒకమ్మాయి కుర్చీ తెచ్చి, "అక్కా, జర కూసో. శారదక్క వస్తది గని, నువ్వు పడిపోతవ్ ఇట్ల," అని బతిమాలింది. అక్క కూర్చోలేదు. శారద ఆటో దిగగానే అక్క నవ్వలేదు, దగ్గరికి తీసుకోలేదు. చేతిలో సంచి అందుకుని, "వచ్చావు," అని అన్నానికి వెళ్ళింది. శారద గేటు పట్టుకుని ఏడ్చింది. "నా కోసం ఇలా ఎవరూ ఎదురుచూడలేదండీ. మీరు నిద్రపోయుంటారు."

"కునుకు మాత్రమే," అన్నాను.

2013 వానాకాలంలో శారద ఆఫీసుకు వెళ్ళి, అక్కడే కుర్చీలో కూలిపోయింది. గుండె. కర్మలు అయ్యేదాకా అక్కను దోమలగూడలో పిన్ని ఇంట్లో ఉంచాం, ఏమీ చెప్పకుండా. తీసుకురావడానికి వెళితే పిన్ని నన్ను పక్కకు పిలిచింది. "ఒరేయ్ రఘూ, దానికి చావేంటో బతుకేంటో ఏం తెలుస్తుందిరా. ఊరెళ్ళింది, వస్తుందని చెప్పు. నాలుగు రోజులు అడిగి మర్చిపోతుంది."

అబద్ధం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. కానీ "వస్తుంది" అంటే అక్క ఆ గేటు దగ్గరే ప్రాణం పోయేదాకా నిలబడుతుంది. నిజం చెబితే తల గోడకు కొట్టుకుంటుందేమో. అలాంటప్పుడు ఆమెను సముదాయించగలిగింది శారద ఒక్కతే, ఆమే లేదు. ఆటోలో దారంతా మెత్తటి మాటలు ఏరుకున్నాను.

సాయంత్రమైంది. శారద ఆఫీసు నుంచి వచ్చేదాకా అక్క తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు. ఆ రోజూ తలుపు బార్లా తీసి నిలబడింది.

"శారద రాలేదు."

"అక్కా, శారద దేవుడి దగ్గరికి..."

"ఏ దేవుడు?"

ఏరుకున్న మాటలన్నీ అక్కడే రాలిపోయాయి. "చనిపోయింది. అమ్మలాగా."

"అమ్మ మళ్ళీ రాలేదు."

"శారద కూడా రాదు."

అక్క తిరుగుతున్న ఫ్యాను వైపు చాలాసేపు చూసింది. "అయితే గడియ పెట్టెయ్యనా?"

జవాబు చెప్పందే ఆమె కదలదు. "పెట్టెయ్యి," అన్నాను. ఆమె గడియ పెట్టింది. పరామర్శకు వచ్చినవాళ్ళను కూడా నవ్వించి పంపిన నేను ఆ చప్పుడుకు నేల మీద కూలబడి ఏడ్చాను. ఒకరు ముట్టుకుంటే ఓర్చుకోలేని అక్క, కాస్త ఎడంగా గోడవైపు తిరిగి కూర్చుంది. కొంతసేపటికి, "అయిందా?" అంది.

"కాలేదక్కా."

"సరే," అని అలాగే కూర్చుంది. శారద నీతోనే ఉందని ఊరంతా చెప్పారు. ఏడవడానికి చోటిచ్చింది మాత్రం అక్క.

మరుసటి ఏడాది చలికాలంలో ఊపిరితిత్తులకు నిమ్ము చేరి అక్క వెళ్ళిపోయింది. ఇలా రాస్తే ఒప్పుకోదు. చనిపోయింది.

నేను ఇప్పటికీ ఒకటిని పది చేస్తూనే ఉన్నాను, బియ్యం కొనుక్కోవాలి కదా. కొత్తగా పరిచయమైనవాళ్ళు, "ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడుగుతారు. ఒకప్పుడైతే ఆ ప్రశ్నకు నాలుగు పేజీలు నింపేవాణ్ణి. ఇప్పుడు, "నేనొక్కణ్ణే," అంటాను. వాళ్ళు ఇబ్బందిపడి వానల గురించి మాట్లాడబోతారు. నేను మాట మార్చనివ్వను. శారద ఉండేది, అక్క ఉండేది, ఇద్దరూ చనిపోయారు అని, ఏమీ కలపకుండా చెబుతాను.