సౌండ్ తీసేసిన మాట

"ఫికర్ జెయ్యకు అన్నా, సౌండ్ తీసేస్త."

ఆర్ట్ వీడియోలు తీసే మా పక్కవాటా అమ్మాయి, ఎవరిని కెమెరా ముందు కూర్చోబెట్టినా మైకును అరచేత్తో మూసి ఈ మాట అనేది. బయట అనడానికి భయపడే మాట మనం అనాలి. తెర మీద పెదవులే కదులుతాయి. నేను మా బస్తీ నాయకుడు చేసిన పని చెప్పాను, పేరుతో సహా.

ప్రదర్శన ఫిల్మ్‌నగర్‌లో పెట్టింది. వచ్చినవాళ్లలో సగంమంది పెదవులు చూసి మాట కలిపే డబ్బింగ్‌వాళ్లే అని ఆమెకు తట్టలేదు. నా ముఖం రాగానే ముందు వరుసలో ఒక పెద్దాయన అలవాటుకొద్దీ నా పెదవులకు గొంతు కలిపాడు. నాయకుడి పేరు హాలంతా వినిపించింది. ప్రదర్శన చూడ్డానికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డ నాయకుడి తమ్ముడు, హాల్లో కూర్చున్న నా వైపు తిరిగాడు.

ఆమె పరుగెత్తి, తెర మీద నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. ప్రొజెక్టర్ వెలుగులో నా పెదవులు ఆమె చేతి మీద కదులుతూనే ఉన్నాయి.