బిర్సానగర్ టీవీలో గీతలు

1986 వానాకాలం. అప్పుడు నేను కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ పర్యవేక్షణ విభాగంలో జూనియర్ ఇంజినీరుని. కార్యాలయం కలకత్తాలో. మా పని ఏమిటో చెబితే చాలామందికి వింతగా ఉండేది. రేడియో తరంగాలకు కూడా పొలాలకున్నట్టే హద్దులుంటాయి. ఎవరికి కేటాయించిన ఫ్రీక్వెన్సీలో వాళ్లు ఉన్నారా, ఒకరి ప్రసారం ఇంకొకరికి అడ్డు తగులుతోందా అని చూడడం మా ఉద్యోగం. హద్దు దాటినవాళ్లకు నోటీసు ఇచ్చేదీ, అవసరమైతే సెట్టుకు సీలు వేసేదీ మేమే. మా అమ్మ మాత్రం చుట్టాలతో, మావాడు గాలికి కాపలా కాస్తాడు అని చెప్పేది.

ఒకరోజు మా పై అధికారి జంషెడ్‌పూర్ నుంచి వచ్చిన ఫిర్యాదొకటి నా బల్ల మీద పెట్టాడు. ఆ ఊరికి టీవీ వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. వీధికి ఒకటో రెండో సెట్లుండేవి. ఆదివారం ఉదయం అలాంటి ఇంటి గుమ్మం ముందు చెప్పులు గుట్టపడేవి. బిర్సానగర్ అనే పేటలో అటువంటి ఒక ఇల్లు సన్యాసిరావుది. అతను ఊరి పక్కనున్న గమ్హరియాలో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. వీధివాళ్ల చేత సంతకాలు పెట్టించి అతనే ఫిర్యాదు పంపాడు. పక్కింట్లో ఒక హామ్ ఉందనీ, ఆమె ట్రాన్స్‌మిటర్ వేసినప్పుడల్లా తన టీవీ తెర నిండా ఏటవాలు గీతలు పడుతున్నాయనీ, పైగా ఆమె నోటితో మాట్లాడకుండా టిక్కుటిక్కుమని రహస్య సంకేతాలతో విదేశాలకు కబుర్లు పంపుతోందనీ, వెంటనే ఆపించాలనీ అందులో ఉంది.

హామ్ అంటే సరదా కోసం రేడియో నడిపేవాళ్లు. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని ప్రపంచంలోని తమలాంటివాళ్లతో మాట్లాడుకుంటారు. వ్యాపారం మాట్లాడకూడదు, రాజకీయం మాట్లాడకూడదు, ఇతరుల కబుర్లు మోయకూడదు. చాలామంది మోర్స్‌లోనే మాట్లాడతారు. అంటే కీ నొక్కుతూ చుక్కలూ గీతలుగా అక్షరాలు పంపడం. అందులో రహస్యమేమీ లేదు. ప్రతి తంతి గుమాస్తాకీ వచ్చినదే.

రెండువైపులా తెలుగువాళ్లే కాబట్టి నన్ను పంపారు. ఆటంకం రుజువైతే సెట్టుకు సీలు వేసి, లైసెన్సు తీసుకుని రమ్మన్నాడు మా అధికారి.

శనివారం మధ్యాహ్నం జంషెడ్‌పూర్‌కి స్టేషనైన టాటానగర్లో దిగి, పెట్టెలో ఫీల్డ్ స్ట్రెంత్ మీటరు పెట్టుకుని రిక్షాలో బిర్సానగర్ వెళ్లాను. గాలిలో ఉన్న సిగ్నల్ ఎంత బలంగా ఉందో ముల్లు కదిలి చూపించే పరికరం అది.

ఆ హామ్ పేరు సుగుణ. నలభై దాటిన గృహిణి. భర్త అప్పలస్వామి ఒక ఫ్యాక్టరీలో క్రేను డ్రైవరు. రేకుల ఇల్లు. కిటికీ దగ్గర బల్ల మీద చేత్తో కట్టుకున్న ట్రాన్స్‌మిటరు, పాత మిలిటరీ రిసీవరు, వాడి వాడి నున్నబడిన ఇత్తడి మోర్స్ కీ. పెరట్లో రెండు వెదుళ్ల మధ్య యాంటెనా తీగ. ఆమె తండ్రి పలాస అవతల ఒక చిన్న స్టేషన్లో రైల్వే సిగ్నలరుగా చేశాడట. పలకమీద అక్షరాలకన్నా ముందు కీ మీద అక్షరాలు నేర్చుకున్నానని చెప్పింది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక అంతా మరిచిపోయానని అనుకుంటే, భర్త ఎక్కడో హామ్‌ల గురించి విని, పాత సామాన్ల బజారులో ఈ రిసీవరు కొని తెచ్చి పరీక్షకు కూర్చోబెట్టాడు.

ఫిర్యాదు వెళ్లాక స్థానిక పోలీసు ఒకాయన వచ్చి, ఏ దేశంతో మాట్లాడుతున్నావని అడిగి వెళ్లాడట. ఆ తర్వాత వీధిలో ఆడవాళ్లు ఆమె ఇంటికి రావడం మానేశారు. సన్యాసిరావు తల్లి నూకాలమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి అక్కడే కూర్చుని తమలపాకు నమిలేది. ఆమె కూడా రావడం లేదు. ఇదంతా సుగుణ ఫిర్యాదు చేస్తున్నట్టుగా చెప్పలేదు. నేను లైసెన్సు చూస్తుంటే పక్కన నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. చివరికి ఒక్కటే అడిగింది.

"సీలేత్తారా బాబూ?"

చూడకుండా ఏమీ చెప్పలేనన్నాను.

"తీసుకుపోతే తీసుకుపోండి. కాదనను. గాని తప్పు నా సెట్టుదేనని తేలినాక తీసుకుపోండి."

లైసెన్సు సరిగానే ఉంది. పవరు పరిమితిలోనే ఉంది. ఫ్రీక్వెన్సీ తనకిచ్చిన హద్దులోనే ఉంది. కానీ ఫిర్యాదును కొట్టిపారేయడానికి లేదు. ఏ ట్రాన్స్‌మిటరైనా తన అసలు ఫ్రీక్వెన్సీతోపాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్ల దగ్గర కూడా సన్నగా కొంత వదులుతుంది. దాన్ని హార్మోనిక్ అంటాం. ఆమె ఎక్కువగా వాడే బ్యాండుకు మూడు రెట్లంటే సరిగ్గా ఆ ఊరి టీవీ ఛానెల్లో పడుతుంది. ఇంట్లో కట్టుకున్న సెట్టు కాబట్టి ఆ హార్మోనిక్‌ను సరిగా అణచలేదేమో అనుకున్నాను. కేసు అక్కడికక్కడే తేలిపోయినట్టు అనిపించింది.

సాయంత్రం టీవీ మొదలయ్యాక సన్యాసిరావు ఇంట్లో కూర్చుని, సుగుణను కీ నొక్కమని కబురు పంపాను. నిజమే. వార్తలు చదివే అమ్మాయి ముఖం మీద వాన జల్లులా గీతలు. కీ వదిలితే మాయం. నొక్కితే మళ్లీ హాజరు. సన్యాసిరావు నా వైపు తిరిగి, చూశారు కదా సార్ అన్నట్టు చేతులు చాచాడు.

అయితే నాకొక సందేహం మిగిలింది. అంతకుముందు ఆమె యాంటెనా కింద నిలబడి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ దగ్గర మీటరు పెట్టి చూశాను. ముల్లు కొద్దిగానే కదిలింది. సెట్టు శుభ్రంగానే ఉంది. అంత సన్నని సిగ్నల్ పక్కింటి టీవీని ఇంత పాడు చేయగలదా? ఉదయం వెలుగులో మళ్లీ కొలుద్దామని లాడ్జికి పోయాను. ఆ రాత్రి పెద్ద వాన పడింది.

ఆదివారం ఉదయం వెళ్లేసరికి సన్యాసిరావు ఇల్లు నిండిపోయి ఉంది. గవర్నమెంటు ఆఫీసరు వచ్చాడని తెలిసి టీవీ చూడనివాళ్లు కూడా వచ్చారు. సుగుణ కీ నొక్కింది. తెర అద్దంలా ఉంది. ఒక్క గీతా లేదు. మళ్లీ నొక్కమన్నాను. లేదు. సన్యాసిరావు ముఖం మాడిపోయింది. నేను వస్తానని తెలిసి ఆవిడ పవరు తగ్గించేసిందన్నాడు. వెళ్లి చూశాను. నిన్న ఉన్న పవరే ఉంది.

తిరిగి వచ్చేసరికి మూల మంచం మీద కూర్చున్న నూకాలమ్మ, ఎవరూ అడగకుండానే అంది.

"వాన పడితే రావు బాబూ. బారిష్ పడిన దినం టీవీ సాఫ్‌గా వత్తాది. ఎండెక్కినాక మల్లీ మొదలు." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఒరే సన్యాసీ, కాయితంలో ఇది రాయలేదేట్రా నువ్వు?"

ఆ మాట విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. సుగుణ సెట్టు ఇంట్లో ఉంది. దానికి వానతో పని లేదు. వానకు తడిసి, ఎండకు ఆరేది బయట ఇంకేదో ఉండాలి. మరి కాసేపటికి మబ్బు విడిచి ఎండ కాసింది. వీధిలో రేకులన్నీ ఆవిరి కక్కుతున్నాయి. టీవీలో గీతలు ముందు పలచగా, తర్వాత చిక్కగా మొదలయ్యాయి. నాతోపాటు గదిలో వాళ్లంతా వాటినే చూస్తున్నారు. కార్యక్రమం ఎవరికీ పట్టలేదు.

సుగుణను కీ నొక్కుతూ ఉండమని, మీటరును మూడు రెట్ల దగ్గర పెట్టి, చేతిలో చిన్న లూప్ యాంటెనా పట్టుకుని నడిచాను. లూప్‌ను తిప్పితే సిగ్నల్ ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుంది. సుగుణ ఇంటి దగ్గర ముల్లు దాదాపు సున్నా మీదే పడుకుని ఉంది. ఆమె ఇంటికి దూరమయ్యే కొద్దీ తగ్గాలి కదా, పెరిగింది. సన్యాసిరావు పెరట్లోకి వెళ్లేసరికి ముల్లు లేచి నిలబడింది. అక్కడ బొగ్గులు దాచుకునే చిన్న పాక ఉంది. పైన ఒకదాని మీద ఒకటి పరిచిన పాత ఇనుప రేకులు, ఎర్రగా తుప్పు పట్టినవి. వాటికి కట్టిన బట్టల తీగ పోయి పోయి టీవీ యాంటెనా గొట్టానికి చుట్టుకుని ఉంది.

ఒక వెదురుతో రేకును గట్టిగా అదిమాను. ముల్లు పడిపోయింది. లోపలి నుంచి నూకాలమ్మ, పోనాయి అంది. వెదురు తీశాను. వచ్చినాయి అంది. అలా చాలాసార్లు చేశాం. పిల్లలకు అది టీవీ కన్నా బాగుంది.

జరిగిందేమిటంటే, రెండు ఇనుప రేకుల మధ్య తుప్పు పొర పడితే అది పాతకాలపు రేడియోలో ఉండే క్రిస్టల్‌లా పనిచేస్తుంది. కరెంటును ఒకవైపు పోనిస్తుంది, రెండోవైపు పోనివ్వదు. దాని మీద బలమైన రేడియో సిగ్నల్ పడితే ఆ సిగ్నల్‌ను విరగ్గొట్టి, రెట్టింపులూ మూడు రెట్లూ తయారుచేసి మళ్లీ గాల్లోకి వదులుతుంది. సుగుణ పంపిన శుభ్రమైన సిగ్నల్‌ను ఆ బొగ్గుల పాక మూడు రెట్లు చేసి, బట్టల తీగ దారిలో టీవీకి అందిస్తోంది. వాన పడితే ఆ సందులోకి నీరు చేరి రెండు రేకుల్నీ కలిపేస్తుంది. ఆట ఆగిపోతుంది. పుస్తకంలో చదివాను గాని కళ్లతో చూడడం అదే మొదటిసారి.

సన్యాసిరావుకు ఇది నచ్చలేదు. అతను మొండివాడేం కాదు. అతని వాదనలో న్యాయముంది.

"రేకు దానంతటది మాటాడదు గదా సార్. ఆవిడ నొక్కితేనే గీతలు. ఆవిడ నొక్కకపోతే మా రేకుకేటి రోగం?" కొంచెం ఆగి గొంతు తగ్గించాడు. "గీతల మాట అలగుంచండి. ఏటి పంపుతాదో ఎవులికి తెలుసు? నా ఇంట్లో కూకుని నా టీవీలో సూత్తన్నాను, ఒక్క ముక్క తెలీదు. భయమెయ్యదా?"

అసలు ఫిర్యాదు ఏమిటో అప్పుడు నాకు అర్థమైంది. దానికి నా దగ్గర మీటరు లేదు.

ఈ మాటలు కిటికీలోంచి సుగుణకు వినిపించాయో, అప్పలస్వామి వెళ్లి చెప్పాడో తెలియదు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ గోడ దగ్గరికి వచ్చి, తనకా గీతలు ఒకసారి చూడాలని ఉందంది. ఇన్నాళ్లూ తిట్లు పడింది గాని, ఆ గీతలు ఎలా ఉంటాయో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆమె టీవీ ముందు కూర్చుంటే కీ ఎవరు నొక్కుతారు? అక్కడ మోర్స్ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పరీక్ష కోసమే కాబట్టి నేను నొక్కుతానన్నాను.

అలా నా ఉద్యోగంలో అన్నిటికన్నా మంచి సంగతి జరిగిన గదిలో నేను లేను. తర్వాత సన్యాసిరావు చెప్పిందే నాకు తెలుసు.

సుగుణ గుమ్మం దాటి వస్తుంటే ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు గాని ఎవరూ పలకరించలేదు. ఆమె నూకాలమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. నేను పక్కింట్లో చాలా నిదానంగా కీ నొక్కుతున్నాను. తెరమీద గీతలు ఒకసారి పొట్టిగా మెరిసి, ఒకసారి నిలబడి, ఆగి, మళ్లీ వస్తున్నాయి. చెవితో వినడానికి అలవాటు పడిన మనిషి కాబట్టి కంటితో చదవడం ఆమెకు మొదట అందలేదట. పెదాల మధ్య చుక్కకు డిట్, గీతకు డా అని తనకు తనే కూనిరాగంలా తీసుకుంటూ, గీతలను చప్పుడుగా మార్చుకుని వింది. తర్వాత ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే పైకి చెప్పడం మొదలుపెట్టింది. ఎన్. ఓ. ఇంకో ఓ. కె. ఎ.

"అమ్మీ, ఆగు," అన్నాడట సన్యాసిరావు. "అది మా అమ్మ పేరు."

చివరి అక్షరం దాకా ఆమె చదివింది. అప్పుడు నూకాలమ్మ సుగుణ భుజం మీద చెయ్యి వేసి అడిగింది.

"మరి ఇన్నాల్లూ మా టీవీ మీద నువ్వేటి రాసినావే?"

"నా పేరూ, మనూరి పేరూ రాసినాను పిన్నీ. ఇక్కడ ఎండో వానో రాసినాను. అవతలోలూ అదే సెప్తారు. ఆకర్న కులాసాగా ఉండండని సెప్పి ఆపేత్తాం."

"ఇంతోటి మాటలకి అంత దూరమేటే? పక్కింట్లో నాను లేనా?"

నేను కీ వదిలేసరికి కిటికీలోంచి నవ్వులు వినిపించాయి. సుగుణ నవ్వు కూడా ఉంది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక, రెండో మాట పంపాలా వద్దా అని కీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే అప్పలస్వామి, సన్యాసిరావు కలిసి బొగ్గుల పాక రేకులు దింపారు. బట్టల తీగను యాంటెనా గొట్టం నుంచి విప్పి వెదురుకు కట్టారు. రేకుల అంచులు గీకి, బోల్టులు బిగించి మళ్లీ ఎక్కించారు. కీ నొక్కి చూశాం. తెర శుభ్రంగా ఉంది. నేను సుగుణకు, సెట్టు చివర ఒక ఫిల్టరు కూడా పెట్టుకోమని, హార్మోనిక్‌లను ఆపే చిన్న జల్లెడలాంటిదని గీసి చూపించాను. ఎవరైనా మళ్లీ వేలు చూపితే చెప్పుకోవడానికి ఉంటుందని.

మా అధికారి నా రిపోర్టు చదివి, తుప్పు రేకు ట్రాన్స్‌మిటర్ అయిందా అని రెండుసార్లు అడిగాడు. సీలు లక్క వాడకుండా తిరిగి వచ్చినందుకు కొంచెం చిరాకు పడ్డాడు గాని, కొలతలు చూసి సంతకం పెట్టాడు. సన్యాసిరావు ఫిర్యాదు ఉపసంహరించుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు అదే పని చేశాను. సీళ్లూ వేశాను, వేయవలసినవాళ్లూ ఉండేవారు. కాని ఆ కేసు తర్వాత, ఫిర్యాదు చేతికి రాగానే ఎవరు చేస్తున్నారని అడగడం తగ్గించి, ఎలా జరుగుతోందని అడగడం నేర్చుకున్నాను. సన్యాసిరావు అబద్ధం చెప్పలేదు. సుగుణ తప్పు చేయలేదు. ఇద్దరూ నిజమే చెబుతూ ఒకరినొకరు పోగొట్టుకోబోయారు. నా దగ్గర శిక్షణకు వచ్చిన కుర్ర ఇంజినీర్లకు మీటరు వాడకమంతా చెప్పాక ఒక మాట చెప్పేవాణ్ణి: సెట్టుకు సీలు వేసే ముందు, ఆ సెట్టు మనిషిని తీసుకెళ్లి ఫిర్యాదు చేసినవాళ్లింట్లో ఒకసారి కూర్చోబెట్టండి.