జానమ్మ చూడని పల్లీల డబ్బా

మా వాడకట్టులో జానమ్మ ఇంటింటా పల్లీలు దొంగిలించి గానుగకు వేస్తుందని ఒక పుకారు తిరుగుతోంది. అది శుద్ధ అబద్ధం. ఆమెకున్నది ఒకటే పిచ్చి: ఎవరింటికి వెళ్లినా పల్లీల డబ్బా మూత తీయాల్సిందే. ఈ మాట నేనేదో ఆమె మీద ప్రేమ కారిపోయి చెప్పడం లేదు. నిజం కనుక చెబుతున్నాను. ఆమె మీద నా కోపం వేరు.

పెళ్లికి పిలిస్తే బొట్టు పెట్టించుకోకముందే వంటింట్లో ఉంటుంది. గుప్పెడు పల్లీలు తీసి వాసన చూస్తుంది. ఒక్కో గింజనూ వెలుతురుకు పట్టి, పిల్లనివ్వబోయే ఇంటి పెళ్లికొడుకును చూసినట్టు అటూ ఇటూ తిప్పుతుంది.

మొన్న కొత్తకోడలు నిరోష ఇంట్లోనూ అంతే.

"గీ పచ్చబూజు జూసినవా బిడ్డా?"

"పొయ్యి మీద ఏంచితే పోతది గద పెద్దమ్మా!"

"బూజు సస్తది, దాని విషం సావది. పారెయ్యి!"

"పోనీ, కోళ్లకేస్త."

"కోళ్లు నీకేం పాపం జేసినయే?"

ఏరినవన్నీ కొంగున మూటగట్టుకుని వెళ్లి గుంట తీసి పూడ్చేస్తుంది. మర్నాడు తన విత్తనాల సంచిలోంచి మంచి గింజలు తెచ్చి అదే డబ్బాలో పోస్తుంది. పట్టుకుపోయేటప్పుడు చూసినవాళ్లకు నోరుంది. తెచ్చి పోసేటప్పుడు చూసినవాళ్లకు లేదు.

మా పాలమూరులో అందరి పద్ధతీ ఒకటే. మంచి పల్లీలు మార్కెట్‌కు, ముడుచుకుపోయినవీ బూజు పట్టినవీ ఇంటి చట్నీకి. జానమ్మ ఇంట్లోనూ అదే జరిగేది. ఆమె భర్త బాలయ్యకు కాలేయంలో క్యాన్సర్ వచ్చినప్పుడు మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు ఏం తింటారని అడిగి తెలుసుకున్నాడు. ఇదొక్కటే కారణమని చెప్పలేనన్నాడు. కానీ బూజు పల్లీలు ఏళ్లతరబడి తింటే ఆ విషం వల్ల కాలేయానికి క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందన్నాడు. బాలయ్య పోయాక జానమ్మ చెయ్యి వాడలోని డబ్బాలన్నిట్లోకీ వెళ్లింది.

అన్నిట్లోకీ, నా డబ్బాలోకి తప్ప! అదీ నా కడుపుమంట.

పక్కింటి లీలమ్మయితే, "నా డబ్బాల సగం పారేసింది వదినే!" అని పతకం గెలిచినట్టు చెప్పుకుంటుంది. నా ఇంటికొస్తే మాత్రం జానమ్మ చాయ్ తాగి, నా మోకాళ్ల నొప్పి సంగతి అడిగి వెళ్లిపోతుంది. వంటింటి వైపు కన్నెత్తి చూడదు.

నిన్న ఇక ఆగలేకపోయాను. లీలమ్మ డబ్బాలో మళ్లీ బూజు పట్టిన పల్లీలుంటే అడిగి తెచ్చి, నా డబ్బాలో పైపైన పోసి, మూత పెట్టకుండానే జానమ్మ ముందు పెట్టాను. ఆమె డబ్బా వైపు ఒకసారి చూసి, చాయ్ గుటక వేసి, "శక్కెర జర ఎక్కువైందక్కా" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఏమే జానమ్మా! వాడకట్టందరి పానాల మీద నీకు ఫికరుంది. నేను ఏమైతే నీకేంది అనుకున్నవా? నా డబ్బ దిక్కు ఎందుకు జూడవ్?"

జానమ్మ నవ్వుతూ పైనున్న పల్లీలను కొంగులోకి ఎత్తుకుంది.

"ఇవి లీలమ్మయి, నాకెర్కే. కిందివన్ని నేను పోసినయే అక్కా. నీ ఇంట్ల బూజు ఎల్లిందని నీ మొకం మీద చెప్తే చిన్నబోతవని చెప్పలే. మందిండ్లల్ల ఏమైతాందో అర్సుకోను నువ్వు దినాం పోతవ్ గదా, గప్పుడే ఒచ్చి పోసి పోతున్న."