వెండి పళ్ళెంలో పోలెలు

నా చిన్నప్పుడు, బోధన్ చుట్టుపక్కల పొలాలన్నీ చెరకు మడులుగా మారుతున్న రోజుల్లో కూడా, మా ఇంటిని ఊరు గడీ అనే పిలిచేది. మా ముత్తాత దేశ్‌ముఖ్. ఆయన తండ్రి కచేరీలో కూర్చుంటే ఏడూళ్ల పటేళ్లు నిలబడే మాట్లాడేవారట. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

మా తాతయ్య నాటికి మాకు ఒక గానుగ, దాని పక్కన చెరకు మడి, ఒక ఆచారం మిగిలాయి. బయటి నుంచి వచ్చిన తినుబండారం ఆయన ముందు వెండి పళ్ళెంలో పెట్టాలి. ఇంటిదైతే మోదుగాకు విస్తరిలో.

ఒక ఏడు మా బెల్లం నల్లగా దిగింది. అదే వారం ఒక మరాఠీ వ్యాపారి, పసుపు కొమ్ములా మెరిసే బెల్లం దిమ్మె కానుకగా తెచ్చాడు. తాతయ్య రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఏళ్ల తరబడి మా బెల్లం వండుతున్న ముసలాయనను రేపటి నుంచి రావద్దన్నారు.

ముసలాయన వాకిట్లోంచి కదల్లేదు. "దొరా, రంగు సూడకుండ్రి. జర నోట్లేసుకొని సూడుండ్రి. ఈ వయసుల నన్నెవలు పెట్టుకుంటరు?"

"నల్లబెల్లాన్ని నోట్లేసుకునుడేందిరా?" అని తాతయ్య లోపలికి వచ్చేశారు.

మా అవ్వ మధ్యాహ్నం రెండు బెల్లాలతోనూ పోలెలు చేసింది. పూర్ణం లోపల ఉంటుంది కాబట్టి రంగు తెలియదు. కొన్ని పళ్ళెంలో, కొన్ని విస్తరిలో పెట్టింది. తాతయ్య పళ్ళెంలోవి అడిగి మళ్లీ వేయించుకున్నారు. విస్తరిలోది సగం కొరికి పక్కన పెట్టి, "మన్ను తిన్నట్టున్నది" అన్నారు.

"గా మన్ను యాపారి తెచ్చింది" అంది అవ్వ, నెయ్యి గిన్నె మూస్తూ. "మీరు మల్ల ఏయించుకున్నది మన ముసలాయనది. నాలుక దినలే, పళ్ళెం దిన్నది."

నేను నవ్వాను. తాతయ్య చూపు పడగానే తలుపు చాటుకు వెళ్లాను. ఆయన చేయి కడుక్కుని, "పొద్దుగాల రమ్మను వాన్ని" అన్నారు. అంతకుమించి మా ఇంట్లో ఎవరూ తప్పు ఒప్పుకునేవారు కాదు.

కొన్నాళ్లకు ఒక షేర్వానీ మనిషి మోటారు దిగి గానుగ పక్క చెరకు మడి అమ్మమని అడిగాడు. తాతయ్య మోటారును చూశారు. కాగితం చదివించుకోకుండానే సంతకం పెట్టారు. అప్పటికి అవ్వ లేదు.

ఎవరేది మెచ్చుకున్నా, అది ఏ పళ్ళెంలో వచ్చిందని నేటికీ ముందు అడుగుతాను. మా పళ్ళెం మాత్రం ఇప్పుడు లేదు. నిజామాబాద్ బజారులో తూకానికి అమ్మేశాం.